నేరం బ్లాక్‌లిస్ట్‌ది కాదు

నిజామాబాద్‌లో ఏ ఆఫీసు మెయిల్ అవతలివాళ్లకు అందకపోయినా వినిపించే మాట ఒకటే: "సార్, మన ఐపీ బ్లాక్‌లిస్ట్‌ల పడ్డది." గంజ్‌లో పసుపు ఎగుమతి చేసే సేఠ్‌కీ, ఖలీల్‌వాడిలో రిపోర్టులు మెయిల్ చేసే ఆస్పత్రికీ, బోధన్‌లో గల్ఫ్ ఇంటర్వ్యూలు పెట్టించే ఆఫీసుకూ వెబ్‌సైట్ చూసుకునే మనిషి చెప్పేది ఇదే. చెప్పి ఊరుకోడు. ఫోన్‌లో ఒక సైటు తెరిచి ఐపీ నంబరు కొడతాడు. వంద పేర్లు వరసగా దిగుతాయి. చాలావాటి పక్కన పచ్చ టిక్కు, రెండింటి పక్కన ఎర్ర గుర్తు. "చూసిండ్రా సార్? నెలకింత కడితే రోజూ చెక్ చేస్తం, పడంగనే తీయిస్తం. కాదంటే కొత్త డొమైన్ తీసుకుందాం." ఎర్ర గుర్తు కళ్లారా చూశాక యజమాని ఇంకేమంటాడు, సరే అంటాడు. నెల తిరక్కుండా మెయిళ్లు మళ్లీ స్పామ్‌లోకే పోతాయి. ఈసారి వంద పేర్ల పక్కనా పచ్చ టిక్కే ఉంటుంది.

నిఘా వద్దని నేననను. పెట్టాల్సిన చోట పెట్టకుండా, పెట్టినా ఫలితం లేని చోట డబ్బు కట్టి మరీ పెట్టడంతోనే నా తగాదా. మెయిల్ చేరకపోతే బ్లాక్‌లిస్టే కారణమనుకోవడం, అందులో పేరు లేకపోతే చేరినట్టేననుకోవడం, పేరు పడితే ఎక్కడో కూర్చున్న పరాయివాడు మనకు చేసిన అన్యాయమనుకోవడం, ఈ మూడూ ఒక తల్లి బిడ్డలే. మన మెయిల్ మీద తీర్పు చెప్పేది ఎవరో తెలియకపోవడమే ఆ తల్లి.

ముందు ఆ లిస్ట్ సంగతి చూద్దాం. 1997లో పాల్ విక్సీ, డేవ్ రాండ్ మ్యాప్స్ పేరుతో మొదటిది నడిపారు. స్పామ్ పంపే ఐపీల పట్టిక అది. మరుసటి ఏడాది లండన్‌లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హాస్ మొదలుపెట్టాడు. ఇవాళ్టికీ మాట చెల్లేది దానిదే. పని తీరు చాలా సాదా. మీ సర్వర్ ఐపీ 192.0.2.10 అనుకోండి. మెయిల్ అందుకునే సర్వర్ ఆ అంకెలను తిరగేసి 10.2.0.192 అని రాసి, వెనక లిస్ట్ పేరు తగిలించి ఇంటర్నెట్ పేర్ల చిట్టా అయిన డీఎన్ఎస్‌ను అడుగుతుంది. అలాంటి పేరే లేదని జవాబొస్తే మీరు లిస్ట్‌లో లేనట్టు. 127.0.0.2 వంటి జవాబొస్తే ఉన్నట్టు. అంతకుమించి ఏమీ లేదు. లిస్ట్ ఎవరి మెయిలూ ఆపదు. ఆపాలా వద్దా, అసలు ఆ లిస్ట్‌ను అడగాలా వద్దా అనేది అందుకునే సర్వర్ యజమాని ఇష్టం. ఎవరూ అడగని లిస్ట్‌లో మీ పేరు పదేళ్లున్నా మీకు పోయేది లేదు.

పెద్ద మెయిల్ సంస్థలు పట్టించుకునే లిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి వంద అనే అంకె నిండడానికి. కొన్నింటికి ప్రాణం కూడా ఉండదు. ఒకప్పుడు పేరుమోసిన సోర్బ్స్‌ను 2024 జూన్‌లో ప్రూఫ్‌పాయింట్ మూసేసింది. ఓఆర్‌డీబీ 2006 చివర్లోనే మూతపడింది. అయినా దాన్ని అడిగే సర్వర్లు అడుగుతూనే ఉంటే, వాటిని వదిలించుకోవడానికి 2008 మార్చిలో అడిగిన ప్రతి ఐపీకీ 'ఉంది' అని చెప్పడం మొదలుపెట్టింది. ఇంకా విచిత్రం 2021 జనవరి 31న జరిగింది. సిస్కో చేతిలో ఉన్న స్పామ్‌కాప్ అనే లిస్ట్ డొమైన్ రెన్యువల్ కాలేదు. ఆ పేరు అమ్మకపు పేజీకి మళ్లడంతో దాన్ని అడిగిన ప్రతి సర్వర్‌కూ ఏదో ఒక జవాబు వచ్చింది. జవాబొచ్చిందంటే పేరు ఉన్నట్టే కదా! కొన్ని గంటలపాటు భూమ్మీద ఉన్న ఐపీలన్నీ దోషులే. ఆ పూట నిజామాబాద్‌లో ఎవరైనా ఆ సైటు తెరిచి చూసి ఉంటే సేఠ్ దగ్గర కొత్త డొమైన్‌కు డబ్బులు పుట్టేవి.

ఎర్ర గుర్తుకు మరో కారణం కూడా ఉంటుంది. స్పామ్‌హాస్‌ను గూగుల్ వారి 8.8.8.8 లాంటి ఉమ్మడి డీఎన్ఎస్ గుండా అడిగితే అది అసలు జవాబు చెప్పదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. 'ఇలా అడగొద్దు' అని దాని భావం. సరిగ్గా రాయని సాఫ్ట్‌వేర్ దాన్ని 'లిస్ట్‌లో ఉంది' అని చదువుకుంటుంది. ఇక అన్నిటికన్నా నవ్వొచ్చే తప్పు మన ఊళ్లలోనే చూస్తాం. మెయిల్ పంపే సర్వర్ ఐపీని వదిలేసి ఆఫీసులో ఉన్న బ్రాడ్‌బ్యాండ్ ఐపీని చెక్ చేస్తారు. అది చాలావరకు స్పామ్‌హాస్ వారి పీబీఎల్ అనే లిస్ట్‌లో ఉంటుంది, ఉండాలి కూడా. ఇళ్లకూ ఆఫీసులకూ ఇచ్చే ఐపీలు నేరుగా లోకానికి మెయిల్ పంపకూడదని, అలాంటి వరసలను చాలావరకు ఇంటర్నెట్ కంపెనీలే స్వయంగా అందులో పెట్టిస్తాయి. మీ మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చుకుని 587 పోర్టు గుండా గూగుల్‌కో హోస్టింగ్ సర్వర్‌కో వెళ్తున్నప్పుడు ఆఫీసు ఐపీ పీబీఎల్‌లో ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? లేని జబ్బుకు ఎర్ర గుర్తు చూపించి మందు అమ్మడం ఇది.

డబ్బు కట్టి తీయించడమనే మాటకొస్తే, స్పామ్‌హాస్ పేరు తీయడానికి పైసా అడగదు. కారణం సరిచేసి అడగడమే. యూసీఈప్రొటెక్ట్ అనే లిస్ట్ మాత్రం తొందరగా తీయాలంటే రుసుము అడుగుతుంది. దాని మొదటి స్థాయిలో పడిన ఐపీ నుంచి మళ్లీ స్పామ్ రాకపోతే 7 రోజుల్లో పేరు దానంతటదే పోతుంది. మూడో స్థాయి మరీ అన్యాయం. ఒక కంపెనీ నెట్‌వర్క్‌లో కొందరు తప్పు చేస్తే ఆ నెట్‌వర్క్ మొత్తాన్నీ అందులో పడేస్తుంది. ఆ ఎర్ర గుర్తు చూసి భయపడి డబ్బు కట్టిన వాళ్లను చూస్తే జాలేస్తుంది. ఆ మూడో స్థాయిని నమ్మి మెయిల్ తిప్పికొట్టే పెద్ద సంస్థ నాకు తెలిసి ఏదీ లేదు.

వంద లిస్టుల్లోనూ పేరు లేదు, అయినా మెయిల్ స్పామ్‌లో పడుతోంది. ఎందుకు? మన ప్రాంతంలో కస్టమర్ల అడ్రసులు తీసి చూస్తే చాలావరకు జీమెయిలే. జీమెయిల్ ప్రధానంగా నమ్మేది బయటి లిస్టులను కాదు, తన సొంత లెక్కను. ఆ లెక్క రాసేది మీ మెయిల్ అందుకున్నవాళ్లే. తెరిచారా, తెరవకుండా పడేశారా, స్పామ్ అని నొక్కారా, స్పామ్‌లోంచి బయటికి తీశారా అన్నదే లెక్క. 2023 అక్టోబరులో గూగుల్, యాహూ కలిసి నిబంధనలు ప్రకటించాయి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టాయి. రోజుకు 5,000 మెయిళ్లకు పైగా జీమెయిల్ అడ్రసులకు పంపేవాళ్లకు, మెయిల్ పంపింది అసలువాళ్లేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి, మానుకున్నవాళ్లకు 2 రోజుల్లో ఆపేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండాలి, 0.3ను తాకనే కూడదు. మైక్రోసాఫ్ట్ 2025 మేలో అదే దారి పట్టింది. 0.3 శాతమంటే ఎంత? ఒక కాలేజీ ఈఏపీసెట్ ఫలితాలొచ్చాక 5,000 మందికి మెయిల్ కొట్టి, అవన్నీ ఇన్‌బాక్స్‌కే చేరాయనుకుందాం. అందులో 15 మంది విసుగొచ్చి స్పామ్ అని నొక్కితే చాలు. ఆ 15 మంది ఏ బ్లాక్‌లిస్ట్‌లోనూ కనిపించరు.

ఆ మెయిల్ అందుకున్న 5,000 మంది ఎవరనే ప్రశ్న దగ్గర మాత్రం అందరూ మాట మారుస్తారు. "డేటా కొన్నం సార్" అంటారు. ఇంటర్ పిల్లల డేటా, రైతుల డేటా, గల్ఫ్ వెళ్లినవాళ్ల డేటా, అన్నీ పెన్‌డ్రైవ్‌లో దొరుకుతాయి. ఆ అడ్రసులు పుట్టిన చోటు తెలిస్తే కొనడానికి చెయ్యి రాదు. వర్నిలోనో, కోటగిరిలోనో, రుద్రూర్‌లోనో ఒక రైతు ఏదో దరఖాస్తు పెట్టడానికి నెట్ సెంటర్‌కు వెళ్తాడు. ఫారంలో ఈమెయిల్ గడి నింపందే ముందుకు పోదు. సెంటర్ నడిపే అబ్బాయి అప్పటికప్పుడు ఒక జీమెయిల్ తెరుస్తాడు, లేదా తన అడ్రసే పెడతాడు. ఒకే అడ్రసు మీద ఊరు ఊరంతా దరఖాస్తులు పోయిన సంగతి సెంటర్లకు తెలుసు. రైతు ఆ మెయిల్‌ను ఒక్కసారీ తెరవడు, పాస్‌వర్డ్ అతనికి తెలియదు. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. కొన్న డేటాలో ఇలాంటి చచ్చిన అడ్రసులకు వెళ్లిన ప్రతి మెయిలూ 550 5.1.1 అని తిరిగొస్తుంది, అంటే అలాంటి మనిషే లేడని. వాటి మధ్య స్పామ్ పట్టేవాళ్లు వలలా వదిలిన అడ్రసులు కొన్ని ఉంటాయి. ఏ మనిషీ ఎవరికీ ఇవ్వని అడ్రసు అది, దానికి మెయిల్ వచ్చిందంటేనే పంపినవాడు డేటా కొన్నాడనో, ఎక్కడినుంచో ఏరుకొచ్చాడనో రుజువు. స్పామ్‌హాస్‌లో నిజంగా పేరు పడే దారుల్లో ఇదొకటి. పేరు తీయించడానికి డబ్బు ఖర్చు పెట్టే యజమాని ఆ పేరును అందులోకి ఎక్కించడానికీ తనే డబ్బు ఖర్చు పెట్టాడన్నమాట.

ఈ కొన్న డేటా మీద చట్టం చెయ్యి ఇంకా పడలేదు. ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలున్నాయి, కంపెనీలు తమ హెడర్లు, మెసేజ్ నమూనాలు ముందే రిజిస్టరు చేయించుకోవాలి. ఈమెయిల్‌కు అంతటి ఏర్పాటు లేదు. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో ఒక భాగం విసిగించే మెయిళ్లను తాకేది, 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మనిషి సమ్మతి అడగాలనే అసలు బాధ్యత అమలుకు 18 నెలల గడువుంది. ఈలోగా జీమెయిల్ వాడే ఆ 15 మంది వేళ్లే చట్టం.

"అమెరికా కంపెనీలు, లండన్ లిస్టులు మన చిన్న ఊళ్లను తొక్కుతున్నయి" అనే వాదన కూడా బలంగానే వినిపిస్తుంది. కోర్టుకెళ్తే సరి అనేవాళ్లూ ఉన్నారు. వెళ్లిన వాళ్ల కథ చెబుతాను. అమెరికాలో ఇల్లినాయ్‌కి చెందిన ఈ360 ఇన్‌సైట్ అనే మార్కెటింగ్ కంపెనీ తనను లిస్ట్‌లో పెట్టినందుకు స్పామ్‌హాస్ మీద దావా వేసింది. మీ కోర్టుకు మా మీద అధికారం లేదంటూ స్పామ్‌హాస్ మధ్యలోనే కేసు వాదించడం మానేసింది. 2006లో ఏకపక్షంగా 1.17 కోట్ల డాలర్ల తీర్పొచ్చింది. ఈ360 గెలిచిందని లోకం అనుకుంది. అప్పీలులో ఆ మొత్తం నిలవలేదు. నష్టం రుజువు చేయమంటే 2010లో 27,002 డాలర్లు తేలింది. 2011లో పై కోర్టు అదీ కొట్టేసి, ఇవ్వాల్సింది 3 డాలర్లని తేల్చింది. ఐదేళ్ల వ్యాజ్యానికి మూడు డాలర్లు! హైదరాబాద్ నుంచి నిజామాబాద్‌కు బస్సు టికెట్‌కు కూడా సరిపోతాయో లేదో.

ఫిర్యాదుల్లో నిజం లేదనను. కొన్నిచోట్ల నేనూ ఫిర్యాదుదారుల పక్షమే. చవక హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు కూర్చుంటాయి. అందులో ఎవరిదో పాత వర్డ్‌ప్రెస్ సైటు హ్యాక్ అయి రాత్రికి రాత్రి స్పామ్ కక్కితే, అదే ఐపీ వాడే ఆస్పత్రి మెయిల్ కూడా తిరిగొస్తుంది. ఆ ఆస్పత్రి చేసిన పాపం లేదు. జీమెయిల్ ఒక మెయిల్‌ను ఎందుకు స్పామ్‌లో వేసిందో పూర్తి కారణం ఎప్పుడూ చెప్పదు. కోట్ల మంది ఉత్తరాలు రెండు మూడు కంపెనీల గుమ్మం దాటి పోవాల్సి రావడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదని ఎవరైనా వాదిస్తే నేను అడ్డు చెప్పను. కానీ ఈ అన్యాయాలకు వంద లిస్టుల నిఘా మందు కాదు. మొదటిదానికి మందు పంపే మెయిల్‌ను ఆ సర్వర్ మీంచి తీసి మంచి సంస్థకు మార్చడం. మిగతావాటికి ప్రస్తుతం మందే లేదు.

ఇక ఫిల్టర్ ఎవరి పక్షమో బోధన్ వైపు నుంచి చూడండి. శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో, 1937లో పుట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు నుంచి వరికి మళ్లిన పొలాలు, గల్ఫ్ టికెట్‌కు అప్పు చేసే ఇళ్లు ఈ నేల మీద కొత్త సంగతులు కావు. ఇంట్లో ఒకడికి దుబాయ్ కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ మెయిల్‌లో వస్తుంది. లోగో ఉంటుంది, సంతకం ఉంటుంది, వీసా ఖర్చులకు ఇన్ని వేలు పంపమని ఉంటుంది. మెయిల్‌లో 'ఎవరి నుంచి' అన్న చోట ఏ పేరైనా రాసుకోవచ్చు, ఆ పాత లోపాన్ని పూడ్చడానికే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ వచ్చాయి. 1983 వలస చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెంటు ఎవరో ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. అది చూసే తీరిక, తెలివిడి ఆ క్షణంలో ఎంతమందికి ఉంటాయి? అప్పుడు ఆ కుర్రాడికీ ఆ దొంగ లెటర్‌కూ మధ్య నిలబడేది ఈ స్పామ్ ఫిల్టరే. దాన్ని మనకు శత్రువుగా చూపించే వాదం, ఆ కుర్రాడి తల్లి మెడలో పుస్తెలు ఎటు పోతాయో ఆలోచించని వాదం.

ఇదే గల్ఫ్ ఆఫీసుల్లో నికార్సయినవి కూడా డీమార్క్ పెట్టుకోవు. అంటే వాళ్ల పేరుతో ఎవరైనా మెయిల్ కొట్టొచ్చు, మోసపోయినవాడు వచ్చి వీళ్ల గుమ్మం ముందే కూర్చుంటాడు. వాళ్లను అడిగితే మళ్లీ అదే మాట: "మనం బ్లాక్‌లిస్ట్‌ల లేము సార్, చెక్ చేసినం."

కొత్త డొమైన్ కొనడమనే చిట్కా మరీ చేటు. గంజ్‌లో పసుపు కొనేవాడు బస్తా విప్పకముందే ఏ అడ్తి సరుకని అడుగుతాడు. తడి సరుకు కలిపిన అడ్తి దుకాణం బోర్డు మార్చినా పేరు మారదు, పైగా బోర్డు ఎందుకు మార్చాడనే అనుమానం తోడవుతుంది. మెయిల్ లోకంలోనూ అంతే. పుట్టి 24 గంటలు కాని డొమైన్లను పట్టి చూపే జాబితా స్పామ్‌హాస్ దగ్గర విడిగా ఉంది. స్పామ్‌ను పదుల డొమైన్లు, ఐపీల మీద కొంచెం కొంచెంగా వెదజల్లి దొరక్కుండా పోయేవాళ్లను పట్టడానికి మరొకటి ఉంది. ఏటా డొమైన్ మార్చే నిజాయితీపరుడు ఆ లెక్కల్లో అచ్చం వాళ్లలాగే కనిపిస్తాడు. పాత లింకులు, పాత లోగో, అదే అడ్రసుల మూట కొత్త పేరు వెనక వస్తే గుర్తుపట్టడానికి గూగుల్‌కు ఎంతసేపు?

మన ప్రాంతానికే ఉన్న చిక్కు ఒకటి ఈ అమ్మేవాళ్లెవరూ చెప్పరు: సీజన్. కొత్త పసుపు జనవరి తర్వాత గంజ్‌కు వస్తుంది, చెరుకు గానుగ చలికాలంలో తిరుగుతుంది, కాలేజీలు ఎండాకాలంలో మేలుకుంటాయి. మిగతా నెలలు మెయిల్ డొమైన్ నిద్రపోతుంది. హఠాత్తుగా ఒక రాత్రి పదివేల మెయిళ్లు వదులుతారు. అందుకునే సర్వర్‌కు అది పాస్‌వర్డ్ దొంగిలించిన ఖాతా చేసే పనిలాగే కనిపిస్తుంది. ముందు 421 అని తాత్కాలికంగా ఆపుతుంది, వినకుండా మళ్లీ మళ్లీ కొడితే తలుపు మూస్తుంది. పసుపు ఎగుమతిదారు అక్టోబరు నుంచే తనతో ముందు బేరం చేసినవాళ్లకు కొద్దికొద్దిగా రాస్తూ, జవాబులు వచ్చేవాళ్లతో మొదలుపెట్టి జనవరికి సంఖ్య పెంచుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. సాఫ్ట్‌వేర్ అక్కర్లేని పని ఇది, అందుకే ఎవరూ అమ్మరు.

నిఘా నిజంగా ఎక్కడ పెట్టాలంటే, తిరిగొచ్చిన మెయిల్ దగ్గర మొదలుపెట్టాలి. ఎవరూ చదవని ఆ ఇంగ్లిష్ కాగితంలోనే కారణం రాసి ఉంటుంది. 5.1.1 అంటే అడ్రసు లేదు, దాన్ని ఆ రోజే చెరిపేయాలి. 5.7.26 అంటే జీమెయిల్ మీ గుర్తింపు రుజువు కాలేదంటోంది, ఎస్‌పీఎఫ్, డీకిమ్ చూసుకోవాలి. స్పామ్‌హాస్ పేరు కనిపిస్తే, అప్పుడు వెళ్లి ఆ ఒక్క లిస్ట్ చూడాలి. అది నిజంగా బరువున్న లిస్టే. తర్వాత గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఫిర్యాదుల శాతం, సొంత సర్వర్ ఉంటే దాని ఐపీ తీరు చూపే మైక్రోసాఫ్ట్ ఎస్ఎన్‌డీఎస్ చూడాలి. రెండూ ఉచితమే.

వీటికన్నా కళ్లు తెరిపించేది డీమార్క్ నివేదిక. మీ డొమైన్ పేరుతో ఏ ఏ సర్వర్ల నుంచి మెయిళ్లు వెళ్తున్నాయో పెద్ద సంస్థలు రోజూ లెక్క పంపుతాయి. మొదటిసారి తెరిచిన ఆఫీసుకు అందులో తెలియని పేర్లు తగులుతాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే రసీదులు, మూడేళ్ల కిందట వదిలేసిన పాత హోస్టింగ్ నుంచి ఇంకా వెళ్తున్న కాంటాక్ట్ ఫారం మెయిళ్లు, వాటి మధ్య ఎక్కడో విదేశీ సర్వర్ నుంచి మీ పేరు పెట్టుకుని వెళ్తున్న మెయిళ్లు. మనవి ఏవో గుర్తించి సరిచేసుకున్నాక డీమార్క్‌ను ఉత్త గమనిక దశ నుంచి తిరస్కరించే దశకు తేవాలి. గమనిక దశలోనే ఏళ్లు వదిలేస్తే పేరు దొంగిలించేవాడికి అడ్డు లేదు.

"ఇవన్నీ చేసే తీరిక ఎవరికుంది?" అని అడుగుతారు. తీరికకు డబ్బు ఇప్పటికే కడుతున్నారు, వంద పచ్చ టిక్కులు చూసినందుకు. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ తెరిచారు. డీఎన్ఎస్ రికార్డు రాయగలిగిన పిల్లలు ఇప్పుడు ఊళ్లోనే దొరుకుతారు. ఆ నెలసరి డబ్బే వారానికో పూట కూర్చుని తిరిగొచ్చిన మెయిళ్లు చదివి, చచ్చిన అడ్రసులు తీసేసి, నివేదిక చూసే మనిషికి ఇవ్వొచ్చు. అయితే ఆ మనిషి పని మొదలుపెట్టాలంటే డొమైన్ లాగిన్ కావాలి. మన ఊళ్లలో చాలా ఆఫీసుల డొమైన్ యజమాని పేరు మీద ఉండదు, వెబ్‌సైట్ చేసినవాడి పేరు మీద, అతని సొంత మెయిల్ మీద ఉంటుంది. రేపు ఆఫీసుకు వెళ్లి మొదట అడగాల్సింది అదే.